ఇంటివద్ద రక్తపుపోటు కొలత

కృష్ణకు వరద వచ్చునప్పుడు పులిచింతల నుండి వదలిన నీటి లెక్క ముందుగా విజయవాడకు చేరును. దానినిబట్టి ప్రకాశం బ్యారేజీ గేట్లను ఎంత ఎత్తవలెనో నిర్ణయింతురు. దీర్ఘరోగికి ఇంటివద్ద జరుగు పరీక్షయు ఇట్టిదే.

ఆసుపత్రిలో కలవరపాటుచేత కొందరి రక్తపుపోటు పెరుగును. ఇంటివద్ద ఐదు నిమిషములు ఊరక కూర్చుండి, వారము దినములు ఉదయ సాయంకాలములందు కొలిచినచో నిజస్థితి తెలియును. సగటు 135/85 దాటినచో వైద్యునికి చూపవలెను.

కాని కొలత ఒక్కటే చికిత్స కాదు. పొరుగున పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల పరిధిలో ఆశా కార్యకర్తలు ఇంటింట పోటు కొలిచి, టాబ్లెట్ల ద్వారా వైద్యులకు తెలిపిరి. 2019లో వెలువడిన ఫలితములలో, పోటు అదుపునందు చెప్పుకొనదగిన తేడా కనబడలేదు.

వార్త చేరినంతమాత్రమున వరద దిగదు, గేటు ఎత్తువారుండవలెను. అట్లే మందు మార్చు వైద్యుడును, దానిని విడువక వాడు రోగియు ఉన్నప్పుడే కొలతకు ఫలము.