వేపాకు – రోగనిరోధక శక్తి

జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారములో పనికొఱకు వెళ్లి, అచటనే స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. ఉగాది పచ్చడిలోని వేపపువ్వు వలెనే వేపచెట్టుపై నమ్మకము కూడ మనవారి వెంటనే యుండును. ఇంట ఎవరికైన ‘అమ్మవారు’ పోసినచో గుమ్మమునకు వేపమండలు కట్టుట, రోగి పక్కపై వేపాకు పఱచుట పెద్దల ఆచారము. ఈ నమ్మకములో సత్యమెంత?

1974లో, నాటి బీహారు రాష్ట్రములోని జంషెడ్‌పూరునందు మశూచి ఉగ్రరూపము దాల్చినది. టాటానగర్ స్టేషనులో రైలెక్కిన ప్రయాణికుల ద్వారా దూరప్రాంతములకు సైతము ప్రాకినది. దానిని అడ్డగించినది వేపమండ కాదు. ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, టాటా సంస్థ ఏకమై ఇల్లిల్లు వెదకించి, రోగులను వేఱుగ నుంచి, చుట్టునున్నవారికి టీకాలు వేయించినవి. 1975 మే తరువాత మన దేశమున మశూచి కనబడలేదు. 1980లో అది లోకమంతటను నిర్మూలమైనట్లు ప్రకటింపబడినది.

అట్లయిన వేపాకునకు గుణమే లేదా? కలదు. జంషెడ్‌పూరునకు రైలులో కొలది గంటల దూరముననున్న కోల్‌కతాలో, చిత్తరంజన్ జాతీయ కాన్సర్ సంస్థ శాస్త్రజ్ఞులు దీనిని పరిశోధించిరి. ఒకే ముదురుగల ఆకులను నీడను ఎండించి, పొడిచేసి, లవణజలములో రాత్రియంతయు నానవేయుదురు. యంత్రములో వేగముగ త్రిప్పి పిప్పిని తొలగింతురు. తేరిన సారమును సన్నని పొరసంచిలో నుంచినచో చిన్న అణువులు వెలికిపోయి, పెద్దవి లోపల మిగులును. అట్లు మిగిలిన వానిలో మాంసకృత్తు, చక్కెర కలిసిన గ్లైకోప్రోటీన్ అను పదార్థమును వారు గుర్తించిరి.

2004లో ప్రకటితమైన ప్రయోగములో, ముందుగ వేపాకు సారమును పొందిన ఎలుకలలో కాన్సరు కంతుల పెరుగుదల తగ్గినది. సారము కంతిని నేరుగ చంపలేదు; శరీరమును కాపాడు తెల్లరక్తకణములను మేల్కొలిపినది.

ఇంత శ్రమపడి వేఱుచేయనేల, ఆకునే నమలరాదా యని కొందఱడుగవచ్చును. చెట్టును బట్టి, ఋతువును బట్టి ఆకులోని పదార్థముల పాలు మాఱును. ఒక ఆకులో మేలుచేయునది, కీడుచేయునది కూడ ఉండవచ్చును. వేఱుచేసి తూచినగాని మోతాదు తెలియదు. ఎలుకకు పనిచేసినది మనుష్యునకు పనిచేయునని పరీక్షింపక చెప్పరాదు. మితిమీఱి రెచ్చిన రక్షణకణములు సొంత శరీరమునకే హాని చేయగలవు.

పసిబిడ్డలకు వేపనూనె త్రాగించుట మిక్కిలి ప్రమాదకరము. అందువలన వాంతులు, మత్తు, మూర్ఛ కలిగి, కాలేయము చెడి, కొందఱు బిడ్డలు మరణించిరి. మలేషియా వైద్యులు 1981లోనే ఈ సంగతిని వెల్లడించిరి.

కావున తల్లిదండ్రులారా, ఉగాదినాడు వేపపువ్వును సంతోషముగ ఆరగింపుడు. బిడ్డలకు మాత్రము వేపనూనె పట్టకుడు. గర్భిణులు వైద్యుని అడుగక వేపాకు రసమును సేవింపరాదు. బిడ్డకు నిర్ణీత సమయమున టీకాలు వేయింపుడు. ఆకులోని మేలు మందుగా మాఱువఱకు, టీకా చేయు పనిని ఆకునకు అప్పగింపరాదు.