గాలి చూసి డ్రోను లేపాలి

మీ వూళ్ళో డ్రోను చూశారా? అది చిన్న విమానం లాంటిది. లోపల మనిషి వుండడు. నేల మీద నిలబడిన మనిషి చేతిలో ఒక పెట్టె వుంటుంది. అందులోంచి రేడియో సంకేతాలు వెళ్తాయి. లెమ్మంటే లేస్తుంది. తిరగమంటే తిరుగుతుంది. పొలంలో పురుగుమందు కొడుతుంది.

2023లో కేంద్ర ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. దాని పేరు నమో డ్రోన్ దీదీ. దేశంలో 15,000 మహిళా పొదుపు సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలనుకున్నారు. ఖరీదులో 80 శాతం, 8 లక్షల రూపాయలకు మించకుండా, ప్రభుత్వం ఇస్తుందన్నారు. డ్రోను నడిపే ఆమెకు 15 రోజుల శిక్షణ. మన తెలుగు ఆడవాళ్ళూ నేర్చుకున్నారు. మీటలు తిప్పడం తొందరగానే వస్తుంది. చిక్కంతా గాలితోనే.

గాలి సంగతి మనకు కొత్తా? తూర్పారబట్టేటప్పుడు చేట ఎత్తి పోస్తాం. గట్టి గింజ కాళ్ళ దగ్గరే పడుతుంది. తాలు దూరంగా కొట్టుకుపోతుంది. డ్రోను మందూ అంతే. పెద్ద చుక్క పైరు మీద పడుతుంది. సన్నటి తుంపర తాలులాగా గాలికి పోతుంది. పోయి ఎక్కడ పడుతుంది? పక్క చేలో. చెరువులో. గట్టు మీద మేసే మేకల మీద. మన వొంటి మీద. హిందూపురం, మదనపల్లె వైపు మల్బరీ తోటలున్నాయి. మందు పడిన ఆకు వేస్తే పట్టుపురుగులు చస్తాయి. ఆ ఇంటి సంపాదన పోయినట్టే. పురుగుమందుకు పట్టుపురుగూ పురుగే కదా!

మరి గాలి ఎంత వుందో ఎలా తెలుస్తుంది? చేత్తో పట్టుకుని కొలిచే చిన్న పరికరం వుంది. అది లేకపోతే చెట్టును చూడండి. మొహానికి గాలి తగిలి, ఆకులు గలగలమంటే గంటకు 6 నుంచి 11 కిలోమీటర్ల గాలి. సన్నకొమ్మలు ఆగకుండా వూగితే 12 నుంచి 19. పక్కన మల్బరీ తోటో, చెరువో వుంటే అప్పుడే ఆపాలి. దుమ్ము లేచి కాగితాలు ఎగిరితే 20కి చేరినట్టే. ఇక మందు కొట్టే మాటే లేదు.

అసలు గాలే లేకపోతే మంచిదనుకుంటాం. అన్నిసార్లూ కాదు. తెల్లవారుజామున ఒక్కోసారి పొగ పైకి పోదు. నేల మీదే పరుచుకుంటుంది. అప్పుడు తుంపర కూడా అలాగే తేలుతుంది. ఎటు జారుతుందో చెప్పలేం. పొద్దెక్కి కాస్త గాలి ఆడేదాకా ఆగాలి.

నడిపే మనిషి గాలి వచ్చే వైపు నిలబడాలి. అప్పుడు తుంపర ఆమె మీదికి రాదు. ఇందులో ఒక లెక్క వుంది. గాలి లేనప్పుడు డ్రోను గంటకు 30 కిలోమీటర్లు పోగలదనుకోండి. గాలి 10 వుంది. గాలివాటున పోతే 40. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి, 20 మాత్రమే. పోవడానికి ఒక నిమిషం పడితే రావడానికి రెండు. రేడియోతో బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్ళకూ ఇదే లెక్క. బ్యాటరీ అయిపోవచ్చేదాకా వుంచితే డ్రోను చేలోనే కూలుతుంది. ముందే వెనక్కి పిలవాలి.

గాలి లేచినా రైతు వూరుకోడు. "మందు కలిపేశాం, కొట్టెయ్యమ్మా" అంటాడు. అతని బాధ అతనిది. కలిపిన మందు మర్నాటికి దాచకూడదు. అందుకే పొలానికి పోగానే ముందు చెట్టు వంక చూడాలి. ఆ తరువాతే మందు డబ్బా మూత తీయమనాలి.