వాగ్దానం కార్డులో పట్టని సంగతులు

డిసెంబర్ 31 రాత్రి పన్నెండు దాటాక మన చర్చిల్లో ఒక తంతు ఉంటుంది. ప్రార్థన ముగిసి, హ్యాపీ న్యూ ఇయర్ కేకలు సద్దుమణిగాక సంఘ పెద్ద ఒక పళ్లెంలో వాగ్దానం కార్డులు పట్టుకొస్తాడు. ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటారు. ఏడాది పొడుగునా ఆ కార్డు బీరువా అద్దానికో, ఆటో ముందు అద్దానికో అంటుకుని ఉంటుంది. సిద్దిపేటలోనైనా, గజ్వేల్, దుబ్బాకల్లోనైనా ఇదే ఆనవాయితీ. అందులో తప్పేమీ లేదు. కాకపోతే కార్డు చిన్నది. అందులో వాక్యం పడుతుంది గానీ, ఆ వాక్యాన్ని ఎవరికి రాశారో, వాళ్లు అప్పుడు ఏ కష్టంలో ఉన్నారో పట్టదు. కష్టకాలంలో విశ్వాసం గురించి మన మధ్య తిరిగే అపోహలు చాలావరకు అక్కడే పుట్టాయి. ఇంకొన్ని చర్చి గడప తొక్కనివాళ్లు పుట్టించినవి. రెండు రకాలూ కలిపే చూద్దాం.

అపోహ: నమ్ముకున్నవాడికి కష్టాలు రావు. వచ్చినా తొందర్లోనే తీరిపోతాయి.

దీనికి అందరూ చూపించే ఆధారం యిర్మియా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం. దేవుడి ఆలోచనలు మన మేలు కోసమేనన్న భావం అందులో ఉంటుంది. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో గోడ మీద ఎక్కువగా కనబడే వాక్యాల్లో అదొకటి. కానీ అది ఒక ఉత్తరంలోది. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దం మొదట్లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీదికొచ్చి, వేలమందిని తన దేశానికి పట్టుకుపోయాడు. ఊరు పోయి, ఇల్లు పోయి, గుడి దూరమై పరాయి గడ్డ మీద ఉన్న ఆ జనానికి యిర్మియా ఆ ఉత్తరం రాశాడు. పైనున్న పదో వచనం కూడా చదవాలి. 70 ఏళ్లు నిండాకే తిరిగి తీసుకొస్తానన్నది అందులోని మాట. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే కన్నుమూయాల్సిందే.

రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పినవాడూ ఒకడున్నాడు. 28వ అధ్యాయంలో కనిపించే హనన్యా. జనం వినాలనుకున్నది సరిగ్గా అదే. యిర్మియా అతన్ని అబద్ధ ప్రవక్త అని మొహం మీదే అన్నాడు. ఈ ఏడాది నీ అప్పులన్నీ తీరిపోతాయి బ్రదర్ అని స్టేజీ మీంచి చెప్పేవాళ్లను చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది యిర్మియా కాదు, హనన్యా.

మరి ఆ ఉత్తరంలో ఓదార్పేముంది? చేయాల్సిన పని ఉంది. అక్కడే ఇళ్లు కట్టుకొమ్మన్నాడు, తోటలు నాటుకొమ్మన్నాడు, పిల్లల పెళ్లిళ్లు చేయమన్నాడు. మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్నం క్షేమం కోసమే ప్రార్థించమన్నాడు. ఈ మాటల బరువు మన జిల్లాలో కొందరికి వివరించి చెప్పనక్కర్లేదు. 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం కోసం వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డకిష్టాపూర్ లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. వాళ్లలో చాలామంది గజ్వేల్ పక్కన ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీకి చేరారు. కులం, మతం ఏదైనా, తాతల నాటి వేపచెట్టు నీళ్ల కిందికి పోయాక కొత్త వాకిట్లో కరివేపాకు మొక్క నాటడం ఎంత కష్టమో వాళ్లనడిగితే చెబుతారు. బబులోనుకు పోయిన ఉత్తరం అడిగింది ఆ పనే.

అపోహ: కష్టం వచ్చిందంటే విశ్వాసం తక్కువైనట్టు, లేదా దాచిపెట్టిన పాపమేదో ఉన్నట్టు.

నాలుగో బోరూ ఎండిపోయింది. గల్ఫ్ వీసా పేరుతో ఏజెంటు డబ్బు మింగాడు. కడుపులోని బిడ్డ నిలవలేదు. పలకరించడానికి వచ్చిన నలుగురు చాయ్ తాగుతూ, 'ఎక్కడో లోపముంది సిస్టర్, ఒకసారి సరిచూసుకోండి' అంటారు. బైబిల్లో ఈ నలుగురికి పూర్వీకులున్నారు. యోబు స్నేహితులు. వాళ్లు వచ్చీ రాగానే ఒక మంచి పని చేశారు. ఏడు రోజులు నోరెత్తకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడింది. పాపం చేయందే ఇంత కష్టం ఎందుకొస్తుందని వాదించుకుంటూ పోయారు. చివరి అధ్యాయంలో దేవుడి కోపం దేవుణ్నే నిలదీసిన యోబు మీద రాలేదు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీదికి వచ్చింది. పుట్టుగుడ్డివాణ్ని చూసి, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే యేసు ఇతని పాపమూ కాదు, కన్నవాళ్ల పాపమూ కాదని తేల్చేశాడు. అది యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం. ఇంత స్పష్టంగా రాసున్నా ఈ అపోహ చావదు. ఎదుటివాడి కష్టానికి కారణం దొరికితే, అది మన ఇంటికి రాదులే అన్న ధీమా మనకు మిగులుతుంది మరి.

అపోహ: విశ్వాసి ఏడవకూడదు, కుంగిపోకూడదు.

ఇంకాసేపట్లో లాజరును బతికించబోతున్న యేసే అతని సమాధి దగ్గర ఏడ్చాడు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే, ఫిర్యాదులే. 88వ కీర్తనైతే చీకట్లో మొదలై చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో స్తోత్రం కూడా లేదు. ఇక ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుని, ఇక నన్ను చావనీ అన్నాడు. దేవదూత వచ్చి అతనికి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ తిండి పెట్టాడు. మాటల సంగతి ఆ తర్వాత. నిద్ర పట్టక, అన్నం సహించక, బతుకు మీద విరక్తి పుట్టిన మనిషికి ఉపవాసం ఉండమని చెప్పేవాళ్లు ఈ ఏలీయా కథ ఒకసారి చదవాలి. 14416 నంబరు కూడా దగ్గర పెట్టుకోవాలి. అది 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

అపోహ: కరువులో గంజి కోసం మతం పుచ్చుకున్నారు. అంతకుమించి అందులో విశ్వాసమేమీ లేదు.

ఈ మాట వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. మన పక్కనే మెదక్ చర్చి ఉంది కాబట్టి మన దగ్గర ఇంకాస్త ఎక్కువగా వినబడుతుంది. 2016లో కొత్త జిల్లా అయ్యేదాకా సిద్దిపేట కూడా మెదక్ జిల్లాలోనిదే. ఆ చర్చి కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ. పని 1914లో మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ పదేళ్లలో కరువూ ఉంది, మొదటి ప్రపంచ యుద్ధమూ ఉంది. ఆకలితో వచ్చినవాళ్లకు ఊరికే గంజి పోయకుండా పని కల్పించి, దానికి తిండి పెట్టాడు పాస్నెట్. ఆ సాయం చూసి కొందరు అటు మొగ్గి ఉండొచ్చు. కాదనడం నిజాయితీ అనిపించుకోదు. ఆకలిగా ఉన్నప్పుడు అన్నం పెట్టినవాడి మాట చెవికెక్కడం మానవ సహజం. అంతమాత్రాన కథంతా అదే అనుకుంటే ఒంగోలు లెక్క కుదరదు.

1876–78 మహా కరువులో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు ప్రాంతంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడ్డారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చినవాళ్లెవరో, నమ్మి వచ్చినవాళ్లెవరో తేలదని ఏడాదికి పైగా ఆపేశాడు. ఇక సాయం లేదు, డబ్బుల్లేవు అని కబురు పంపాక కూడా జనం కదల్లేదు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మమే కావాలని కూర్చున్నారు. 1878 జులై 3న ఒక్కరోజులో 2,222 మంది గుండ్లకమ్మ నీళ్లలో బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది తెల్లదొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు.

అసలు ఈ కదలిక మొదలైంది కరువుకు పదేళ్ల ముందు. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతూ సువార్త విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని, తన ఊరూ చుట్టుపక్కల ఊళ్లూ తిరిగి తనవాళ్లకు తానే చెప్పాడు. కరువూ లేదు, కాంట్రాక్టూ లేదు. ఊరి బావిలో చేద వేయనివ్వని మనిషికి, నీ పేరు దేవుడికి తెలుసన్న మాట ఎంత పెద్దదో గంజి లెక్కలేసేవాళ్లకు ఇప్పటికీ అర్థం కాలేదు. పోనీ ఇది ఒక్క కులం సంగతేనా అంటే, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఎన్నింటినో రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు.

అపోహ: మెదక్ చర్చి ఆసియాలోకెల్లా పెద్దది, వాటికన్ తర్వాత అదే.

ఇది మనవాళ్లే చేసే ప్రచారం. లోపల 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, గంట గోపురం 175 అడుగులు. గోవాలోని సే కథెడ్రల్ పొడవే 250 అడుగులు. కరువు కూలీల చేతుల మీద లేచిన గుడి అన్న నిజం ఉండగా, లేని రికార్డు తగిలించడం దేనికో.

అపోహ: మతం మారితే సర్కారు లాభాలు వస్తాయి.

దళితుల విషయంలో జరిగేది తలకిందులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చినవారికి ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి వచ్చిన క్రైస్తవులు బీసీ–సీలో ఉన్నారు. దాని రిజర్వేషన్ వాటా ఒక్క శాతం. లాభం కోసమే వచ్చేవాడైతే ఈ బేరం చేసుకోడు.

అపోహ: ప్రార్థన ఉంటే మందులు అక్కర్లేదు.

స్వస్థత కూటం నుంచి వచ్చి షుగర్ గోలీలు పక్కన పడేసి, రెండు నెలలకు కాలి పుండుతో ఆస్పత్రికి చేరినవాళ్లు మన పల్లెల్లో ఉన్నారు. వాళ్లను అనేముందు వాళ్లకు చెప్పినవాళ్లను అనాలి. తెలంగాణలో పాత చర్చిలు ఎప్పుడూ అలా చెప్పలేదు. కుష్ఠు వచ్చినవాళ్లను ఊరవతలికి తరిమేసే రోజుల్లో, 1915లో డిచ్‌పల్లిలో మిషన్ వైద్యురాలు ఇసబెల్ కెర్ వాళ్ల కోసం ఆస్పత్రి తెరిచింది. దానికి రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత విరాళమిచ్చాడు. పొద్దున ప్రార్థన ఉండేది, చాల్ముగ్రా నూనె సూదిమందూ ఉండేది. ఒకటి ఉంది కదా అని రెండోది మానమన్నవాళ్లు లేరు. మహిమలతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరమని కూడా తెలుసుకోవాలి. మందులు మానేయమని ఎవరైనా పాస్టరుగారు అంటే, తమరికి బీపీ పెరిగితే ఏ ఆస్పత్రికి వెళ్తారని మర్యాదగా అడిగి చూడండి.

అపోహ: కానుక ఎంత వేస్తే దీవెన అంత.

రెండు కాసులు వేసిన విధవరాలి కథే దీనికి జవాబు. యేసు ఆమెను మెచ్చుకున్నాడు. ఆమెకు పదింతలు తిరిగొచ్చినట్టు ఎక్కడా లేదు. సరిగ్గా దానికి ముందు వాక్యాల్లో, విధవరాళ్ల ఇళ్లు దిగమింగే మతపెద్దలను ఆయన దుయ్యబట్టాడు. ఆ రెండూ పక్కపక్కనే ఉన్నా మనకు ఒకటే వినిపిస్తారు. బోధించేవాళ్ల సంగతికొస్తే, అపొస్తలుడు పౌలు డేరాలు కుట్టుకుని బతికాడు. హైదరాబాద్‌లో హెబ్రోను సంఘాన్ని నడిపిన భక్త సింగ్ జీతం తీసుకోలేదు, డబ్బు కోసం విజ్ఞప్తులూ చేయలేదు.

అపోహ: విశ్వాసం నాకూ దేవుడికీ మధ్య వ్యవహారం. నేను గట్టిగా నమ్మితే చాలు, భద్రత అదే వస్తుంది.

క్రీస్తు బలంతో దేన్నైనా చేయగలనన్న అర్థంలో పౌలు ఫిలిప్పీయులకు రాసిన వాక్యాన్ని జిమ్‌లోనూ, ఈఏపీసెట్ హాల్‌టికెట్ వెనకా రాసుకుంటున్నారు. పౌలు దాన్ని రాసింది జైల్లో ఉండి. గెలుపు గురించీ రాయలేదు. కడుపు నిండినా, పస్తున్నా ఒకేలా ఉండడం నేర్చుకున్నానన్నదే అక్కడి సంగతి. వెంటనే తర్వాతి వాక్యంలో, అయినా నా కష్టంలో మీరు పాలుపంచుకుని మంచి పని చేశారు అన్న అర్థమొచ్చేలా అంటాడు. ఎపఫ్రొదితు చేతికిచ్చి మీరు పంపినవి ముట్టాయని కూడా రాశాడు. అంత గట్టి నమ్మకమున్నవాడికీ మనుషులు కావాల్సొచ్చారు, వాళ్ల డబ్బూ కావాల్సొచ్చింది.

తెలుగు సంఘాల్లో ఆడవాళ్లకు ఇది ఎప్పట్నుంచో తెలుసు. పొద్దున ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం అది చర్చికొస్తుంది. ఇప్పుడు సంఘం చేయాల్సిన పనులు ఇంకా పెరిగాయి. దుబాయిలో పోయిన మనిషి పెట్టె శంషాబాద్‌లో దిగే రాత్రి ఆ ఇంటివాళ్లతో ఎవరో ఒకరు వెళ్లాలి. గల్ఫ్ మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలకు కాగితాలు జత చేసి దరఖాస్తు పెట్టించాలి. రైతు పోయిన ఇంట్లో రైతుబీమా నామినీ పేరు, ఆధార్‌లో పేరు కలవకపోతే వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) దగ్గరికి తోడెళ్లాలి. ఆదరణ కూడికలో పాటలు ముగిశాక, భోజనాలకు లేవకముందే, ఈ పనులు ఎవరెవరు చూస్తారో పేర్లు రాసుకోవచ్చు.