గ్రంథకర్త గొంతు వినిపించినచో

పుస్తక ప్రదర్శనమునందు తమ గ్రంథములను బల్లపై పేర్చి, వచ్చిపోవువారిని జూచుచు మౌనముగా గూర్చుండు రచయిత్రులను మీరును జూచియుందురు. తమ వ్రాతను తామే చదివి వినిపించుట స్వోత్కర్ష యగునేమో యని వారి సంకోచము.

1858వ సంవత్సరమున ఆంగ్ల నవలాకారుడు ఛార్లెస్ డికెన్సు రుసుము గైకొని తన కథలను సభలలో జదువబూనినపుడు, మిత్రుడు ఫార్‌స్టరు కూడ నది పెద్దమనిషికి తగదని వారించెను. డికెన్సు వినలేదు. అయితే ఆయన యూరక పుస్తకము తెఱచి చదువుకొనిపోయినవాడు కాడు. ‘క్రిస్మస్ కేరల్’ కథను పలుమారులు కుదించెను. ఎచ్చట ఉల్లాసము, ఎచ్చట కరుణ వలయునో పుటల యంచులలో వ్రాసికొనెను. పిదప కంఠస్థము చేసెను. దూరమున నున్నవారికిని తన ముఖము కనబడునట్లు గ్యాసుదీపముల నమర్పించుకొనెను. మన రచయిత్రులు గ్రహింపవలసినది యీ సిద్ధపాటే. ఒక్క ఘట్టము చాలును. కథ యంతయు జెప్పివేసినచో నిక కొనువా రెవరు?

1867-68లో అమెరికాలో టిక్కెట్లకై జనులు చలిలో రాత్రియంతయు వరుసలలో వేచియుండిరి. ఆయన చదివిన పాఠములే చిన్న పుస్తకములుగా నచ్చట అచ్చయ్యెను.

ధనము వచ్చెను గాని దేహము చెడెను. 1869 ఏప్రిలులో వైద్యులు మాన్పించిరి. 1870 మార్చి 15వ తేదీన లండనులో కడపటిసారి చదివి, సెలవు గైకొనుచు, రెండు వారములలో తన క్రొత్త నవల వారి యిండ్లకే వచ్చునని సభవారికి దెలిపెను. పుస్తక మమ్ముకొనుట యింత మర్యాదగా నుండవచ్చును! ఆ నవల 12 భాగములుగా వెలువడవలసియుండెను. 6 భాగములు మాత్రమే వ్రాసి, ఆ జూన్ 9వ తేదీన ఆయన మరణించెను.