కల్పితరాజ్యముల జమాఖర్చులు

ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థులకు వ్యాసరచనకై నేనొక విషయము నిచ్చితిని. భూగోళపటమున నెచటను గానరాని యొక దేశమును ఊహించి, దాని ప్రభుత్వమెట్టిదో, ప్రజల జీవనాధారమేమో వర్ణింపుడని యడిగితిని. రెండు దినములలో ముప్పదికి పైగా రాజ్యములు నా బల్లపై జేరినవి. ఒకదానిలో పక్షులు మంత్రులు. మఱియొకదానిలో నదులయందు పాలు ప్రవహించుచుండెను. అన్నిటిలో నా మనస్సును నిలిపినది యొక బాలుని మామిడిరాజ్యము. అచట చెట్లు పండ్రెండు మాసములును ఫలించును. పన్నులు లేవు. రాజు మిక్కిలి దయాళువు. ప్రజలు చెట్లనీడను గూర్చుండి రసములను జుఱ్ఱుకొనుచుందురు. ఆ కాగితపు టంచున నేనెఱ్ఱసిరాతో నొక ప్రశ్న వ్రాసితిని: “కాయలు గోయువారెవరు?” ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు మూలము.

లేని దేశములను గూర్చి యోచించుట కాలము వ్యర్థపఱచుటయని కొందఱు తలిదండ్రులు తలంపవచ్చును. కాని మన ప్రభువు సైతము ద్రాక్షతోట యజమానుని, అతని కూలివారిని కథలో గల్పించియే పరలోకరాజ్యమును గూర్చి బోధించెను. ఉన్నదానిని జక్కగా జూచుటకు లేనిదానిని ఊహించుట యొక మార్గము. అయితే ఊహకును లెక్క యుండవలయును. కల్పితమైనను, నిజమైనను, ప్రతి రాజ్యమునకును రెండు పద్దులు గలవు. మొదటిది అన్నపు పద్దు: ఎవరు పండింతురు, ఎవరు భుజింతురు? రెండవది యధికారపు పద్దు: ఎవరు ఆజ్ఞాపింతురు, వారు ఎవరికి జవాబు చెప్పుకొనవలయును? ఈ రెంటిని బట్టి కొన్ని ప్రసిద్ధ కల్పితరాజ్యములను బరీక్షింతము.

ఆంగ్లేయుడగు థామస్ మోర్ 1516లో లాటినుభాషయందు ‘యుటోపియా’ యను ద్వీపమును వర్ణించెను. ఆ పేరునకు ‘ఎచటను లేని చోటు’ అని యర్థము. ఆ ద్వీపమున 54 పట్టణములు గలవు. ప్రజలలో నాణెముల చెలామణి లేదు. ప్రతివాడును వ్యవసాయము నేర్వవలయును. పట్టణవాసులు వంతులవారీగా రెండేసి సంవత్సరములు పొలములలో బనిచేయుదురు. అందఱును పనిచేయుదురు గావున దినమునకు ఆరు గంటల శ్రమయే చాలును. ముప్పది కుటుంబములు కలసి ఏటేట నొక యధికారిని ఎన్నుకొనును. బంగారమునకు గౌరవము లేకుండుటకై దానితో మూత్రపాత్రలను, బానిసల సంకెళ్లను జేయుదురు. ఇచ్చట పాఠకుడు నిలువవలయును. అందఱును సమానులైన దేశమున బానిసలెక్కడినుండి వచ్చిరి? నేరస్థులును, యుద్ధమున బట్టుబడినవారును అట్లు చేయబడుచుందురు. పశువులను వధించుట మొదలైన హీనకార్యములు వారివంతు. ఇంత యుత్తమమైన రాజ్యపు లెక్కలో సైతము ఒక వర్గము గీత క్రిందనే మిగిలిపోయినది.

1726లో జొనాథన్ స్విఫ్ట్ ప్రచురించిన గల్లివరు యాత్రలలో లిల్లిపుట్టు రాజ్యము గలదు. అచటి మనుష్యులు ఆఱంగుళముల పొడవువారు. గల్లివరు వారికి పండ్రెండు రెట్లు పొడవరి. పొడవు, వెడల్పు, మందము మూడును పండ్రెండు రెట్లగుటచే అతని దేహము 12×12×12, అనగా 1728 లిల్లిపుట్టువాసుల దేహములకు సమానము. మన గణితోపాధ్యాయులు బోధించు ఘనపరిమాణమే యది! అతనికి దినమునకు ఆఱు ఎద్దులు, నలువది గొఱ్ఱెలు చుట్టుపట్ల గ్రామములవారు సమర్పించవలయునని చక్రవర్తి యాజ్ఞాపించి, వెల తన బొక్కసమునుండి యిప్పించెను. కొంతకాలమునకు ఆ బొక్కసపు మంత్రి యతిథికైన వ్యయము వారి నాణెములలో పదునైదు లక్షలు దాటినదని మొఱపెట్టెను. కథ యద్భుతమే కాని పద్దు మాత్రము సరిగా నున్నది. అందువలననే మనమా కథను నమ్ముదుము. ఆ మంత్రికి పదవి యెట్లు లభించెనో కూడ స్విఫ్ట్ చెప్పెను. ఆ దేశమున నున్నతోద్యోగములు సన్నని త్రాటిపై ఎక్కువ ఎత్తు గంతులు వేయువారికి దక్కును. రాజు మెప్పే యర్హతయైనచో, పరిపాలన దొమ్మరియాట యగునని యందలి వ్యంగ్యము.

ఇక మన తెలుగువారి కల్పనలను జూతము. 1951లో వెలువడిన ‘పాతాళభైరవి’ చలనచిత్రమును మీలో ననేకులు చూచియుందురు. ఉజ్జయినిలో తోటమాలి కొడుకగు రాముడు రాకుమారిని వలచెను. తనతో సమానమగు సంపద గడించి రమ్మని రాజు శాసించెను. శ్రమచేత నది యసాధ్యము గనుక, కథ యతనికి కోరినదెల్ల నిచ్చు నొక ప్రతిమ నొసగెను. క్షణములో భవనము లేచినది. ఆ భవనపు ఱాళ్లు మోసినవారెవరు? ఎవరును లేరు. చూచుటకది యెంతయు వినోదము. కాని తోటమాలి శ్రమచే నెన్నడును పైకి రాలేని రాజ్యము గనుకనే యచట మంత్రప్రతిమ యవసరమయ్యెనని గ్రహింపుడు. మాయ యెచట బ్రవేశించునో అచట లెక్క కుదరలేదని యర్థము.

మన భాషలో నీ విద్యను గొప్ప ప్రయోజనమునకు వినియోగించినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848–1919). గల్లివరు యాత్రల ప్రేరణచే వారు ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ రచించిరి. అందు సత్యరాజు ఆడుమళయాళమను దేశమునకు బోవును. అచట స్త్రీలదే యధికారము. మన దేశమున స్త్రీలకు విధింపబడిన కట్టుబాట్లు అచట పురుషులకు విధింపబడియున్నవి. చదువరి మొదట నవ్వును. పిదప, ఈ యన్యాయము పురుషునకు జరిగినపుడు విపరీతముగా దోచుచు, స్త్రీకి జరిగినపుడేల సహజముగా దోచుచున్నదని తన్ను దానే ప్రశ్నించుకొనును. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించినవారు ఆ పంతులుగారే. వారికి కల్పితదేశము వినోదముగాక, సంస్కరణకు సాధనమైనది.

ఇప్పుడు మన నూజివీడునకు వత్తము. ఇది కల్పితదేశము గాదు. కాని ఒకప్పుడిచట నొక చిన్నరాజ్యమువంటి జమీందారీ యుండెను. 1802లో చెన్నపట్టణపు ప్రభుత్వము శాశ్వత పరిష్కారమను పద్ధతిని ఏర్పఱచినప్పుడు, జమీందారులు ప్రభుత్వమునకు చెల్లించవలసిన పేష్కష్ ఎన్నటికిని మారని మొత్తముగా నిర్ణయింపబడెను. పైవాని పద్దు స్థిరపడినది. భూమిని దున్నిన రైతునకు మాత్రము సాగుహక్కు చట్టమున స్పష్టపడుటకు 1908 నాటి ఎస్టేటు భూముల చట్టము రావలసివచ్చెను. 1948లో జమీందారీలను రద్దుచేయు చట్టము వచ్చినపిదప ఆ మధ్యవర్తిత్వము తొలగెను. అధికారపు పద్దును తిరిగి వ్రాయుటకు నూటనలువదికి పైగా సంవత్సరములు పట్టినవి!

మన తోటల యన్నపు పద్దును గూడ పరిశీలింపుడు. మార్గశిర పుష్యములలో పూత వచ్చును. చాల తోటలలో పూతను జూచియో, పిందెను జూచియో వర్తకుడు కాపును గుత్తకు గొనును. తేనెమంచు పురుగు పట్టినను, ఈదురుగాలికి కాయ రాలినను నష్టమెవరిదో ఆ బేరమును బట్టి యుండును. వేసవిలో కోతగాండ్రు తెల్లవాఱకమునుపే చిక్కములు గట్టిన గడలతో వత్తురు. స్త్రీలు చెట్లక్రింద కాయలను వేఱుచేసి, వరిగడ్డి పఱచి సర్దుదురు. బంగినపల్లి, చిన్నరసములు, పెద్దరసములు ఇటనుండియే నున్న విపణికిని, దూరప్రాంతములకును బోవును. తోతాపురికి మనవారు ‘కలెక్టరు’ అని పేరుపెట్టిరి. పండునకు సైతము సర్కారు పదవి నొసగిన దేశము మనది! కాని బజారులో పండు వెల చెప్పునపుడు, ఆ వెలలో చిక్కము పట్టినవానికెంత, గడ్డి పఱచినదానికెంత యని యడుగువారు అరుదు.

కావున కల్పితరాజ్యమును రచింపగోరు విద్యార్థి మూడు సంగతులు విచారింపవలయును. కఱవు వచ్చిన యేట ఆ దేశము ఏమి తినును? ఐగుప్తులో యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరములలో పంటయందు ఐదవ భాగమును గిడ్డంగులలో జేర్పించుటచేతనే కఱవు గడచెను. అధికారి తప్పుచేసిన నడుగువారెవరు? ఇశ్రాయేలీయులు రాజు గావలెనని కోరినపుడు, ఆ రాజు వారి కొడుకులను, పొలములను, పంటలో పదియవ పాలును దీసికొనునని సమూయేలు ముందే హెచ్చరించెను. ఇక మూడవది: ఈ కథలో పేరు లేనివారెవరు? మొదటి రెండును బుద్ధికి సంబంధించినవి. మూడవది హృదయమునకు సంబంధించినది.

ఆ బాలుడు తన వ్యాసమును మరల వ్రాసి తెచ్చెను. ఈసారి చెట్లు వేసవిలోనే కాచినవి. రాజు స్వల్పముగా పన్ను వేసి, ఆ ధనముతో చెఱువు పూడిక తీయించెను. ఏటికొకమాఱు కూలివారు సభజేరి తమ కూలిని గూర్చి మాటలాడుదురు; రాజు నిలువబడి వినవలయును. ఆ సభలో మొదట మాటలాడినది కాయలు వేఱుచేయు నొక స్త్రీ. “ఈమె యెవరోయి? మొదటి ప్రతిలో లేదే!” యని యడిగితిని. “మా యమ్మండి” అని చెప్పి తల వంచుకొనెను.

ఆ వ్యాసములో అక్షరదోషములు పదునొకండు గలవు. వానిని దిద్ది, పూర్ణాంకములలో నొక్కటి మాత్రమే తగ్గించితిని. వేసవి సెలవులలో మీలో ప్రతివారును ఒక రాజ్యమును గల్పించి వ్రాయుడు. వ్రాసినపిదప దానిని మీ యింటి పెద్దలకు జదివి వినిపింపుడు. అందు తమకు చోటున్నదో లేదో వారు చెప్పగలరు.