వీలునామాలో మూడుముళ్లు

ఆ డైరీలన్నీ తగలబెట్టేయమన్నాడు మిత్రుడు. జాన్ లిస్టర్‌కి మనసొప్పలేదు. అలాగని నలుగురికీ చెప్పనూ లేడు. ఇంట్లో చెక్క పలకల వెనక దాచేశాడంటారు. 19వ శతాబ్దం చివర్లో, ఇంగ్లండ్‌లోని హాలిఫాక్స్ దగ్గర షిబ్డెన్ హాల్ అనే పాత బంగళాలో జరిగిన సంగతిది. గ్రీకు అక్షరాలూ లెక్కల గుర్తులూ కలగలిపిన రహస్య లిపిని ఆ మిత్రులిద్దరూ కుస్తీపట్టి విడదీశారు. ఓ కాగితం ముక్కలోని ఒక మాట ‘హోప్’ అయ్యుంటుందని ఊహించారంతే.. తీగ లాగితే డొంకంతా కదిలింది!

ఆ డైరీలు రాసింది ఒకప్పటి ఆ ఇంటి యజమానురాలు ఆన్ లిస్టర్. 1791లో పుట్టింది. ఎప్పుడూ నల్లటి దుస్తులే. బొగ్గు గనులు తవ్వించేది, కౌలు లెక్కలు తనే చూసుకునేది. ప్రాణస్నేహితురాలు మరియానా 1816లో ఓ డబ్బున్న పెద్దమనిషిని పెళ్లాడితే గుండె పగిలేలా ఏడ్చింది. ఎందుకంటే వారిది ఉత్త స్నేహం కాదు. ఆ సంగతి రహస్య లిపికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

1826లో పెదతండ్రి చనిపోతూ ఎస్టేట్‌ని ఆమెకే రాసిచ్చాడు. అప్పటి ఇంగ్లండ్ చట్టం ప్రకారం పెళ్లయితే ఆడదాని ఆస్తి మీద పెత్తనం మొగుడిదే. ఈ పిల్ల ఎలాగూ పెళ్లి చేసుకోదు, ఆస్తి చెయ్యి జారదు.. అదీ పెద్దాయన లెక్క!

పొరుగు ఎస్టేట్ వారసురాలు ఆన్ వాకర్. పేర్లు ఒకటే కాబట్టి ఇంటిపేర్లతోనే చెప్పుకుందాం. లిస్టర్ కన్నా పన్నెండేళ్లు చిన్న. సున్నిత మనస్కురాలు, దిగులు మనిషి. తమ్ముడు పోవడంతో 1830లో అక్కతోపాటు ఆమెకీ ఆస్తి సంక్రమించింది. లిస్టర్‌కి ఆ ఆస్తి మీద కన్ను లేదా? ఉంది. ఆ మాట దాచకుండా డైరీలోనే రాసుకుంది. ప్రేమా లెక్కలూ ఒకే పేజీలో ఉంటాయి. నిజానికి ఆ డైరీల్ని నమ్మాలనిపించేది అందుకే.

ఇద్దరూ ఉంగరాలు మార్చుకున్నారు. 1834 ఈస్టర్ రోజున యార్క్‌లోని హోలీ ట్రినిటీ చర్చిలో పక్కపక్కన ప్రసాదం పుచ్చుకున్నారు. చూసినవాళ్లకి మామూలు ప్రార్థనే. వాళ్లకి మాత్రం పెళ్లి. ఆ ఏడాదే వాకర్ షిబ్డెన్ హాల్‌కి కాపురానికి వచ్చింది. ఊరు ఊరుకుంటుందా? మరుసటి ఏడాది ‘కెప్టెన్ టామ్ లిస్టర్’తో మిస్ వాకర్‌కి పెళ్లయిందంటూ ఎవరో పత్రికలో దొంగ ప్రకటన వేయించారు!

చట్టం ఒప్పుకోని బంధానికి వాళ్లు వెతుక్కున్న దారి వీలునామా. నేను పోతే నా ఎస్టేట్ నువ్వు బతికున్నన్నాళ్లూ నీది, నువ్వు పోతే నీది నాది. కాకపోతే లిస్టర్ ఓ మెలిక పెట్టింది. వాకర్ గనక పెళ్లి చేసుకుంటే ఆ హక్కు పోతుంది!

1840 సెప్టెంబరు 22. దేశాలు తిరుగుతూ జార్జియాలోని కుటాయిసిలో లిస్టర్ జ్వరంతో చనిపోయింది. పక్కనున్నది వాకర్ ఒక్కతే. భాష రాని దేశం, భయస్తురాలు. అయినా శవపేటికను ఇంటికి చేర్చింది. 1841 ఏప్రిల్ 29న హాలిఫాక్స్ చర్చిలో అంత్యక్రియలు జరిగాయి. ఏడు నెలలకు పైగా పట్టింది.

వీలునామా చెల్లింది, షిబ్డెన్ ఆమెకే దక్కింది. కానీ ఇప్పుడు రెండు ఎస్టేట్ల హక్కున్న ఒంటరి మనిషి. 1843లో అక్క తరఫువాళ్లు కలగజేసుకున్నారు. తాళం వేసున్న గది తలుపు ఊడదీయించారు. మతి స్థిమితం లేదని తేల్చి, యార్క్ దగ్గరి పిచ్చాసుపత్రికి చేర్చారు. దాన్ని నడిపే డాక్టరెవరో కాదు, మరియానా సోదరుడే!

1854లో వాకర్ కన్నుమూశాక షిబ్డెన్ లిస్టర్ బంధువుల పరమైంది. జాన్ ఆ వంశంవాడే. 1933లో ఆయన పోయేదాకా నోరు విప్పలేదు. రహస్య భాగాలు పుస్తకంగా రావడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది. హెలెనా విట్‌బ్రెడ్ ఆ పని చేశారు. మొత్తం డైరీలు యాభై లక్షల మాటలు, అందులో ఆరో వంతు దాకా రహస్య లిపే. 2019లో బీబీసీ ‘జెంటిల్మన్ జాక్’ సీరియల్ వచ్చాక షిబ్డెన్ హాల్‌కి సందర్శకుల తాకిడి పెరిగింది. 2020లో హాలిఫాక్స్ దస్తావేజుల్లో మరో చిన్న డైరీ బయటపడింది. అది లిస్టర్‌ది కాదు. వాకర్‌ది!