రొట్టె ప్రక్కనే క్షమాపణ: మత్తయి 6:12 ఒక పరిశీలన

క్షమాపణ అనగానే మారుమనస్సు పొందిన దినము గాని, పెద్ద తగాదా తీరిన సందర్భము గాని మనకు జ్ఞాపకమొస్తుంది. అయితే ప్రభువు నేర్పిన ప్రార్థనలో దాని స్థానము వేరు. అనుదినాహారము కొరకైన విన్నపమును, ఋణముల క్షమాపణ కొరకైన విన్నపమును మత్తయి ‘కై’ (మరియు) అనే గ్రీకు పదముతో జతపరచాడు (6:11-12). ఆకలి ప్రతి దినము వచ్చునట్లే, క్షమించవలసిన అవసరము కూడా ప్రతి దినము వస్తుంది.

1. పద పరిశీలన

ఇక్కడ క్షమించుట అనే మాటకు మూలములో ‘అఫియేమి’ అనే క్రియ వాడబడింది. విడిచిపెట్టుట, వదలివేయుట దాని అర్థము. మత్తయి ‘ఋణములు’ అన్నచోట లూకా ‘పాపములు’ అన్నాడు. అయినా రెండవ భాగములో ఋణపడినవారి ప్రస్తావనను అలాగే ఉంచాడు (11:4). మనము క్షమించుటను గూర్చి లూకా వాడినది వర్తమాన కాలము. అది కొనసాగే అలవాటును సూచిస్తుంది.

పేతురు ప్రశ్నకు ప్రభువిచ్చిన జవాబులో (మత్తయి 18:22) మన తెలుగు బైబిలులోని ‘ఏళ్ల’ అనే మాట సంవత్సరములు కాదు, ఏడులు. యువతకు దీనిని వివరించుట అవసరము. ఆదికాండము 4:24లో లెమెకు తన పగను లెక్కించిన సంఖ్యకు గ్రీకు పాత నిబంధన ఏ మాటలు వాడిందో, మత్తయి అవే మాటలు వాడాడు. పగకు పెట్టిన లెక్కను ప్రభువు క్షమాపణకు మార్చాడు.

2. రెండు ఋణములు

తలాంతు సుమారు 6,000 దేనారములు. దేనారము ఒక దినపు కూలి. కనుక మొదటి దాసుని ఋణము ఆరు కోట్ల దినముల కూలి. దానిని ఏ మనిషీ తీర్చలేడు. అయితే నూరు దేనారములు కూడా చిల్లర కాదు, మూడు నాలుగు నెలల కూలి. ఉపమానము ఆ నష్టమును తక్కువ చేయలేదు. ఋణమాఫీ అంటే ఏమిటో మన రైతులకు తెలుసు: అప్పు కాగితము మీద కొట్టివేసినా, ఆ మొత్తమును ఎవరో ఒకరు భరించాలి. దేవుడు మన ఋణమును సిలువలో భరించాడు. క్షమించువాడు కూడా తన నష్టమును తానే మోస్తాడు.

3. క్షమాపణ కానిది

ఈ ఉపమానమునకు ముందున్న 15-17 వచనములు తప్పును తప్పుగా చూపించమంటున్నాయి. లూకా 17:3-4లో ఒకే దినమున ఏడుమార్లు క్షమించమన్న ప్రభువే ముందు గద్దించమన్నాడు. కనుక క్షమాపణ వేరు, సమాధానపడుట వేరు. మొదటిది ఒక్కరి హృదయములో ఆరంభము కాగలదు. రెండవదానికి తప్పు చేసినవాని మారుమనస్సు, మార్పుకు రుజువు కావాలి.

భర్త చేత దెబ్బలు తిన్న సహోదరి కాపరి యొద్దకు వచ్చినప్పుడు, “క్షమించి ఇంటికి వెళ్లమ్మా” అని పంపివేయుట ఈ వాక్యమును వక్రీకరించుటయే. మొదట ఆమె క్షేమము చూడాలి. ఆమెకు 2005 గృహహింస చట్టము రక్షణ కల్పిస్తున్నది. పిల్లలపై లైంగిక అఘాయిత్యము జరిగినట్లు తెలిస్తే పోలీసులకు తెలియజేయుట 2012 పోక్సో చట్టము ప్రకారము తప్పనిసరి. సంఘ పెద్దలు లోలోపల సర్దుబాటు చేయరాదు.

4. అనుదిన సాధన

అ) రాత్రి ప్రార్థనలో ఆ దినము మనలను నొప్పించినవారిని పేరు పెట్టి, జరిగిన తప్పును ఉన్నదున్నట్లు దేవునికి చెప్పి, పగతీర్చుకొనే హక్కును ఆయనకు అప్పగించాలి (రోమా 12:19).

ఆ) మనము ఎవరికి ఋణపడ్డామో కూడా అప్పుడే అడగాలి. బలిపీఠము యొద్ద అర్పణము విడిచి వెళ్లమన్నది తప్పు చేసినవానితోనే (మత్తయి 5:23-24).

ఇ) దక్షిణ ఇండియా సంఘపు ప్రభుభోజన క్రమములో సంఘస్థులు చేతులు కలిపి సమాధానమును అందించుకొంటారు. కాపరి దాని అర్థమును అప్పుడప్పుడు బోధించినయెడల అది ఆచారముగా మిగిలిపోదు.

నిన్న క్షమించిన గాయము నేడు మరల నొప్పి పెట్టవచ్చు. అంతమాత్రాన నిన్నటి క్షమాపణ అబద్ధము కాదు. నిన్న తిన్న రొట్టె నేటి ఆకలి తీర్చదు గనుకనే ప్రభువు ఈ రెండు విన్నపములను ఒకచోట ఉంచాడు. విశ్వాసులకు మనము మొదట చెప్పవలసిన ఆదరణ ఇదే.